మొదటి ముక్క మీద గీత

ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంగ్లీషు లెక్చరర్లు కొందరు ఫోన్ చేసి, "సార్, స్ట్రెస్ బిట్‌కి మీ షీటు ఒకటి ఉందట కదా, వాట్సాప్‌లో పెడతారా?" అని అడుగుతున్నారు. పెట్టను. దాని బదులు ఆ షీటు నన్ను ఏం చేసిందో రాసి పెడుతున్నాను. ఇది చదివాక కూడా కావాలనిపిస్తే బజార్లో దొరుకుతుంది. గైడ్లు వేసేవాళ్ళు నన్నడక్కుండానే ఎప్పుడో ఎత్తుకెళ్ళి అచ్చేసుకున్నారు.

నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. చివరి పన్నెండేళ్ళూ గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య హైవే పక్కనున్న ఒక కాలేజీలో గడిచాయి. ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ. సీజన్లో టిక్కీల లారీ, అంటే మిర్చి బస్తాల లారీ, గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా క్లాసు మొత్తం ఒకేసారి తుమ్మేది. ఆ తుమ్ముల మధ్య ఇంగ్లీషు ఉచ్చారణ బోధించడం నా ఉద్యోగం.

విషయం తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇంగ్లీషువాడు మాటని ముక్కలుగా పలుకుతాడు. ఆ ముక్కని సిలబుల్ అంటారు. ఒక ముక్క మీద మాత్రం గొంతు బరువు వేస్తాడు. అది స్ట్రెస్. రెండు మాటలు అతికి ఒకటైన జంట మాటల్లో, బ్లాక్‌బోర్డు, పోస్ట్‌మ్యాన్ లాంటివాటిలో, ఆ బరువు చాలాసార్లు మొదటి ముక్క మీద పడుతుంది. మన నోటికి ఈ అలవాటు లేదు. మనం అన్ని ముక్కలకీ సమాన గౌరవం ఇస్తాం, పైగా చివర ఒక అచ్చు కొసరు వేస్తాం. బస్ అన్నది వాడికి ఒక సిలబుల్. మనకది బస్సు, రెండు సిలబుళ్ళు. పరీక్షలో మాత్రం ఒకటనే రాసి, మార్కు తెచ్చుకుని, బస్సెక్కి ఇంటికి పోతాం.

నాకు ఈ విద్య ఒక ట్రైనింగులో అబ్బింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పది రోజులు పంపారు. అక్కడ చెప్పినాయన పాపం బల్ల మీద పిడికిలితో గుద్దుతూ ఒక్కో మాటా మాచేత పలికించాలని చూశాడు. మేం వెనక బెంచీల్లో కూర్చుని ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో మాట్లాడుకున్నాం. చివరి రోజుకి నా నోట్సులో ఒక్క వాక్యం మిగిలింది: "జంట మాటలో సాధారణంగా మొదటి ముక్క మీద గీత." షీటు తయారు చేసేటప్పుడు ఆ వాక్యం ఒక లైన్లో పట్టలేదు. "సాధారణంగా" అన్న మాట తీసేశాను. పట్టింది.

ఆ షీటు రెండు పేజీలు. దానితో నాకు వచ్చిన పేరు ఇంతా అంతా కాదు. క్లాసులో నా మంత్రం ఒకటే ఉండేది: "పైకి చదవమాకండ్రా, అయోమయం అయిపోతారు. కళ్ళు మూసుకుని మొదటి ముక్క మీద గీత పెట్టండి." పిల్లలు కళ్ళు మూసుకుని గీత పెట్టారు, మార్కులు పడ్డాయి, నాకు గీత మాస్టారు అని పేరొచ్చింది. ఒక్క పిల్లవాడు ఆ మాటల్ని నోటితో పలికిన పాపాన పోలేదు, నేనూ పోలేదు. ఈత పాఠం గట్టు మీద చెప్పి, గట్టు మీదే పరీక్ష పెట్టి, గట్టు మీదే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళం. ఎవరూ మునగలేదు కాబట్టి అందరం సంతోషంగా ఉన్నాం.

మా ప్రిన్సిపాల్ గారు జువాలజీ మనిషి. ఏ సబ్జెక్టునైనా పాస్ పర్సెంటేజీతోనే కొలిచేవారు. నన్ను చూపించి కొత్తవాళ్ళతో, "ఆయన్ని చూడండి, ఒక్క సూత్రంతో నెట్టుకొస్తున్నారు, మీకెందుకయ్యా అన్ని పుస్తకాలు?" అనేవారు. నేను వినయంగా తల వంచుకునేవాణ్ణి. ఆ వినయం కూడా బాగా రిహార్సల్ చేసిందే.

అలాంటి రోజుల్లో ఫస్టియర్‌లో ఒక అమ్మాయి చేరింది. పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో హమాలీ. పొద్దున పనికొస్తూ కూతుర్ని క్లాసు గుమ్మం దాకా తెచ్చి దింపేవాడు, సాయంత్రం ఒళ్ళంతా మిరప ఘాటుతో వచ్చి తీసుకెళ్ళేవాడు. ఆ పిల్ల దగ్గర తెర మీది రాతని పైకి చదివి వినిపించే ఫోను ఉండేది. అందులో పాఠాలు, కథలు, వార్తలు, ఏది పడితే అది ఇంగ్లీషులో వింటూ కూర్చునేది. ఫోను ఎంత జోరుగా చదివేదంటే, ఇంగ్లీషు చెప్పుకుని బతికే నాకు అది ఏ భాషో కూడా తెలిసేది కాదు.

చేరిన రెండో నెలలో అనుకుంటా, నా మంత్రం చదివాను. కళ్ళు మూసుకుని గీత పెట్టండి అని. మొదటి బెంచీలోంచి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, గీతంటే ఏంది సార్?"

"ఆ ముక్క గట్టిగా పలకాలని గుర్తమ్మా."

"మరి మీరు బ్లాక్‌బోర్డు అంటుంటే రెండు ముక్కలూ ఒకేలా వినపడుతున్నయి సార్. గీత మొదటిదాని మీదెందుకు?"

క్లాసు గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. "ఎక్కడ వినపడుతుందో పరీక్షలో అడగరమ్మా, ఎక్కడ గీత ఉందో అడుగుతారు. కూర్చో," అన్నాను. కూర్చుంది. కూర్చుని తన స్టీలు టిఫిన్ డబ్బా మూత మీద వేలితో ఏదో తట్టుకోవడం మొదలెట్టింది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెల్లగా. ఆపమని కసిరాను.

తర్వాత ఒకరోజు వరండాలో నేనే అడిగాను, ఏంటా తట్టడం అని. కసిరినందుకు మనసులో కొంచెం పీకుతూ ఉండబట్టి అడిగానేమో. "మా నాన్నవాళ్ళు టిక్కీ ఎత్తేటప్పుడు అందరూ కలిసి పదం పాడతారు సార్," అంది. "బస్తా లేచే చోట గొంతు పెరుగుద్ది. మిగతా చోట ఊరికే అంటారు. ఫోన్లో ఇంగ్లీషు కూడా అట్టాగే వినపడుద్ది నాకు. ప్రతి మాటలో ఒక చోట బస్తా లేస్తది." పది రోజుల ట్రైనింగులో బల్ల విరిగేలా గుద్దినాయన చెప్పాలనుకున్నది ఇదేనని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. "సర్లే, పరీక్షలో మాత్రం మొదటిది అని చెప్పు," అనేసి వెళ్ళిపోయాను.

ఆ అమ్మాయి సెకండియర్‌కి వచ్చేసరికి నాకు రిటైర్‌మెంటు దగ్గరపడింది. అదే ఏడు పక్క కోల్డ్ స్టోరేజీ యజమాని తన తల్లి పేరు మీద ఒక ట్రస్టు పెట్టాడు. షావుకారు అంటే ఆ చుట్టుపక్కల ఆయనే. చుట్టుపక్కల ప్రభుత్వ కాలేజీల పిల్లలకి ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, మొదట వచ్చిన ఒక్కరికి గుంటూరులో డిగ్రీ చదువూ హాస్టలూ మూడేళ్ళు ట్రస్టే చూసుకుంటుందని ప్రకటించాడు. పరీక్ష బాధ్యత నాకప్పగించారు. పేపరు నేనే తయారు చేయాలి, జవాబుల కీ నేనే రాయాలి, దిద్దేదీ నేనే. రాసేవాళ్ళలో నా విద్యార్థులూ ఉంటారు. ఇందులో ఎవరికీ తప్పు కనపడలేదు. మన దగ్గర దీన్ని అనుభవం అంటారు.

ఆ సీటు హమాలీ కూతురికి ఎంత అవసరమో కాలేజీలో అందరికీ తెలుసు. తండ్రి తేల్చి చెప్పాడు: "హాస్టలు దొరికితే పంపిస్తా. లేకపోతే చూపులేని పిల్లని రోజూ గుంటూరు బస్సుల్లో తిప్పలేను సారూ. ఇంటర్‌తో ఇంటి దగ్గరుంటది." ఆ సీటు దక్కకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది.

పేపర్లో స్ట్రెస్‌కి పది మార్కులు పెట్టాను. నాకు పేరు తెచ్చిన బిట్ కదా, ఆ మాత్రం కృతజ్ఞత ఉండొద్దూ. రెండు మాటలు అతికినట్టు కనపడ్డ పదింటిని ఏరాను. బ్లాక్‌బోర్డు, ఫుట్‌బాల్, రెయిన్‌కోట్ లాంటివి ఆరు. ఆఫ్టర్‌నూన్, అండర్‌స్టాండ్, డౌన్‌స్టెయిర్స్, సెకండ్‌హ్యాండ్, ఈ నాలుగు. కీ రాయడానికి నాకు అర నిమిషం పట్టింది. పదింటికీ మొదటి ముక్క.

పరీక్షలో ఆ అమ్మాయి చెబుతుంటే హైస్కూలు నుంచి వచ్చిన ఒక తొమ్మిదో తరగతి పిల్ల రాసింది. దిద్దేటప్పుడు ఆ పేపరు ఎవరిదో నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అందరూ మాట మీద గీత పెడితే, అందులో అతికిన రెండు మాటల్లో బరువు ఎన్నోదాని మీదో ఒకటి, రెండు అని అంకెలున్నాయి. గీత పెట్టలేదు కాబట్టి మొత్తానికీ సున్నా వేయొచ్చా అని ఒక నిమిషం ఆలోచించి, నా విశాల హృదయానికి నేనే మురిసిపోయి, అంకెలనే ఒప్పుకున్నాను. ఆరు ఒప్పు. నాలుగింటికి "రెండు" అని ఉంది. ఎర్ర ఇంకుతో కొట్టేశాను. "చెప్పిన మాట వినదు" అని పైకే అనుకున్నట్టు గుర్తు.

మొదట వచ్చినవాడు నా ప్రియశిష్యుడు. మిర్చి రైతు కొడుకు, బుద్ధిమంతుడు, నా షీటుని అట్ట వేసి దాచుకున్నవాడు. స్ట్రెస్‌లో పదికి పది. ఆ అమ్మాయి రెండు మార్కుల తేడాతో రెండో స్థానం. కుర్రవాడి ఫొటోతో హైవే మీద ఫ్లెక్సీ లేచింది. దాని మూలన నా ఫొటో కూడా ఉంది. ఒంగోలులో సభ పెట్టి సీటు ఇవ్వడంతో పాటు రిటైరవుతున్న నాకు శాలువా కప్పుతారట.

సభకి మూడు రోజుల ముందు ఆ అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చింది. పక్కన కాంట్రాక్టు లెక్చరర్ ఉంది. ఆవిడ ఇంగ్లీషే చెబుతుంది, నాకంటే బాగా చెబుతుంది, అందుకే ఆవిణ్ణి కాంట్రాక్టులోనే ఉంచారని మేం వేళాకోళం చేసేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు.

"మార్కులు పెంచమని రాలేదు సార్," అంది అమ్మాయి. "ఏవి తప్పో చెబితే దిద్దుకుంటా."

నాలుగు మాటలూ చెప్పాను. ఆ పిల్ల మొహంలో నేననుకున్న దిగులు లేదు, ఆశ్చర్యం ఉంది. ఫోను తీసింది. దాని జోరు తగ్గించి, ఆఫ్టర్‌నూన్ అన్న మాట వినిపించింది. మళ్ళీ వినిపించింది. మూడోసారి ఫోనుతో పాటు టిఫిన్ డబ్బా మూత మీద తట్టింది. మెల్లగా, మెల్లగా, చివర టంగుమని.

మీరు నమ్మండి, నమ్మకపోండి, నాకు అప్పుడు వినపడింది. ముప్పై ఏళ్ళుగా నేను గీతలు పెట్టించిన బరువు, చెవికి వినపడేది, నిజంగా ఉంది. అది నేను చెప్పిన చోట లేదు. అండర్‌స్టాండ్ వినిపించింది. చివర టంగుమంది. డౌన్‌స్టెయిర్స్, చివర. సెకండ్‌హ్యాండ్, చివర.

కాంట్రాక్టు లెక్చరర్ వెళ్ళి స్టాఫ్ రూములోని పెద్ద డిక్షనరీ తెచ్చింది. అది ఏళ్ళ తరబడి కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టిన డిక్షనరీ. దుమ్ము దులిపి నా ముందు పెట్టి, పేజీ తీసి, వేలు పెట్టి చూపించింది. గీతలు అక్కడే ఉన్నాయి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టున్నాయి. నేను ఆ పుస్తకంలో అర్థాలు చూశాను గానీ ఆ గీతల వైపు ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు. నాకు తెలుసు కదా మరి, మొదటి ముక్క.

"అంటే నావి పదీ ఒప్పేనా సార్?" అంది అమ్మాయి.

"ఆలోచిద్దాం," అన్నాను. సిగ్గు లేకుండా ఆ మాటే అన్నాను.

ఆలోచించడానికి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తల పట్టుకున్నారు. "నలభై రోజుల్లో రిటైరవుతున్నారు, శాలువా కప్పించుకుని హాయిగా వెళ్ళక మీకీ గోలెందుకండీ? గొంతు ముందు లేస్తే ఏంటి, వెనక లేస్తే ఏంటి? కప్పకి కాళ్ళేమైనా తగ్గుతాయా?" అన్నారు. ఫ్లెక్సీలు లేచాయనీ, షావుకారు గారు కాలేజీకి కొత్త బెంచీలు ఇస్తానన్నారనీ గుర్తు చేశారు. బెంచీల మాట ఆయన గొంతులో ఎంత బరువుగా పలికిందో అప్పుడు స్పష్టంగా వినపడింది. కొత్తగా చెవులొచ్చినవాణ్ణి కదా.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తండ్రి వచ్చాడు. తువ్వాలు చేతిలో పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మా పిల్లకి నోరెక్కువ సారూ. ఏదో అన్నదంట. మీరేం పట్టించుకోమాకండి."

"తనేం తప్పనలేదయ్యా."

"తప్పో ఒప్పో నాకు తెలవదు. ఆయన స్టోరేజీలోనే నా కూలి. ఆయనిచ్చిన సీటుకి మేం అడ్డం పడ్డామంటే రేపు హమాలీల ముఠాలో నన్ను నిలవనియ్యరు. పిల్లకి కూడా చెప్పా, నోరెత్తొద్దని." ఇంకేదో చెప్పబోయి ఆగి, "ఇంటికొచ్చి చెప్పింది సారూ, నావి పదీ కరెక్టేనంట నాన్నా అని. అంతే, ఇంకేం అడగలేదు," అని వెళ్ళిపోయాడు.

అంటే ఈ మాట బయట పెట్టగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు బాగా అర్థమైంది. అయినా సభ రోజు పొద్దున ఒంగోలు బస్సెక్కేటప్పుడు కూడా నా మనసు గట్టిపడలేదు. నల్లగా రంగేసుకున్న నా జుట్టునీ, ఇస్త్రీ చొక్కానీ బస్సు అద్దంలో చూసుకున్నాను. ఇన్నేళ్ళ పేరు, ఎవరో తట్టిన డబ్బా మూతతో పోగొట్టుకోవాలా అని ఉక్రోషం వచ్చింది. ఆ పిల్ల మీద కోపమే వచ్చింది. ఇది రాయకపోతే ఈ జ్ఞాపకమంతా అబద్ధం అవుతుంది.

కల్యాణ మండపంలో సభ. ముందు వరుసలో నా శిష్యుడూ వాళ్ళ వాళ్ళూ కొత్త బట్టల్లో కూర్చున్నారు. రెండో బహుమతిగా ఒక గోడ గడియారం ఇస్తామని ఆ అమ్మాయినీ పిలిచారు. చూపులేని పిల్లకి గోడ గడియారమేమిటని ఎవరికీ తోచలేదు. తండ్రితో కలిసి స్టేజీ మెట్ల పక్కనే కూర్చుంది. షావుకారు గారు నాకు శాలువా కప్పారు. "మాస్టారి గీతంటే గీతేనయ్యా, తిరుగులేదు!" అన్నారు మైకులో. చప్పట్లు మోగాయి. నన్ను మాట్లాడమన్నారు.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం చెబుతాను. నిజం చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. ఇటీవలి మూల్యాంకన ప్రక్రియలో ఊనిక సరళికి సంబంధించి ఒక స్వల్ప వ్యత్యాసం నా దృష్టికి వచ్చి ఉన్నదనీ, తగిన సమయంలో అది పునఃపరిశీలనకు అర్హం కావచ్చుననీ, అందుకు నేను ప్రగాఢంగా విచారిస్తున్నాననీ, అర్థమయ్యే మాట ఒక్కటి కూడా దొర్లకుండా మూడు నిమిషాలు మాట్లాడాను. జీవితంలో అంత మంచి ఇంగ్లీషు మళ్ళీ మాట్లాడలేదు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. షావుకారు గారు లేచి నా చేయి ఊపారు. ప్రిన్సిపాల్ గారు కళ్ళతోనే మెచ్చుకున్నారు. నేను నా అంతరాత్మకి టోపీ పెట్టి, హాయిగా స్టేజీ మెట్లు దిగాను.

మెట్ల పక్కన ఆ అమ్మాయి నా అడుగుల చప్పుడు పట్టి లేచి నిలబడింది. మెల్లగా, పక్కనున్న తండ్రికి కూడా వినపడనంత మెల్లగా అంది.

"మొత్తం అర్థమైంది సార్. చాలా బాగా ఒప్పుకున్నారు. మా నాన్నకి ఇంగ్లీషు రాదు. ఒక్కసారి తెలుగులో కూడా చెప్పరా?"

అందులో వెటకారం ఉందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటాను. లేదు. అడిగింది, అంతే. శాలువా ఉన్నపళంగా పది కేజీల బరువైంది. ఎక్కణ్ణుంచి బలం వచ్చిందో తెలియదు, దిగిన మెట్లే మళ్ళీ ఎక్కాను. యాంకరమ్మాయి చేతిలోంచి మైకు దాదాపు లాక్కున్నాను.

"నేను పేపరు తప్పు దిద్దాను," అన్నాను తెలుగులో. "స్ట్రెస్‌లో నాలుగు మాటలకి నా కీ తప్పు. ఆ అమ్మాయి రాసింది కరెక్టు. నేను కొట్టేశాను. సరిగ్గా దిద్దితే మొదట వచ్చింది ఆ అమ్మాయి. ఈ సంగతి నాకు మూడు రోజులుగా తెలుసు. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు, వాళ్ళ పెద్దవాళ్ళ ప్రమేయం అసలే లేదు. తప్పు మొత్తం నాది."

అన్ని మాటలూ విడివిడిగా, ఒక్కొక్కటీ వినపడేలా వచ్చాయి. చప్పట్లు లేవు.

షావుకారు గారు ఎర్రగా చూశారు. "ఏందయ్యా మాస్టారూ! ఫ్లెక్సీలు కట్టకముందు చెప్పి చావొచ్చుగా!" అన్నారు, మైకు ఆన్‌లో ఉండగానే. తర్వాత కాంట్రాక్టు లెక్చరర్‌ని స్టేజీ మీదికి పిలిచి, "ఏమ్మా, ఈయన చెప్పేది నిజమేనా?" అని అడిగారు. ఆవిడ డిక్షనరీ సంచిలో పెట్టుకుని వచ్చింది! తీసి చూపించింది. షావుకారు గారికి అందులో ఒక్క ముక్క తెలియదు. అయినా మిర్చి కాయని నలిపి చూసినట్టు ఆ పేజీని కాసేపు చూసి, "సీటు ఒకటే. ఎవరికి రావాలో వాళ్ళకే. ఫొటో మార్చండి," అన్నారు. హమాలీ వైపు తిరిగి, "ఏరా, నీ కూతురింత చదువుతుందని నాకు చెప్పలేదేందిరా?" అని గద్దించారు. ఆ మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఇక్కడితో ఆపితే నేను గొప్పవాణ్ణి అనుకుంటారు. ఆపను. సభ అయ్యాక నా శిష్యుడు దగ్గరికొచ్చాడు. కొత్త చొక్కాకి దుకాణం చీటీ ఇంకా ఊడదీయలేదు. వాళ్ళ నాన్న దూరంగా నిలబడి నన్ను చూస్తున్నాడు.

"సార్, మీరు చెప్పిందే కదా రాశాను," అన్నాడు.

అంతే అన్నాడు. కోప్పడలేదు. నేను వాడి భుజం మీద చేయి వేయబోయాను, పక్కకి జరిగాడు. వాడు ఒంగోలులోనే డిగ్రీ చదివాడు, ఏదో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పెదకాకాని గుడి దగ్గర ఓసారి ఎదురుపడితే నమస్కారం పెట్టాడు గానీ ఆగలేదు. నా మాట విని మొదటి ముక్క మీద గీతలు పెట్టిన వేలమందిలో నష్టపోయిన సంగతి తెలిసిందల్లా వాడొక్కడికే. మిగతావాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ప్రిన్సిపాల్ గారు నా రిటైర్‌మెంటు దాకా నాతో మాట్లాడలేదు. బెంచీలు మాత్రం వచ్చాయి. షీటు తిరగరాద్దామని కూర్చున్నాను. "సాధారణంగా" అన్న మాటని దాని చోట పెట్టాను. దాని కింద, "ముందు పైకి పలకండి, పక్కవాణ్ణి పలకమని వినండి" అని రాశాను. ఎవరూ జిరాక్స్ తీసుకోలేదు. పాతదే హాయిగా ఉందన్నారు.

ఆ అమ్మాయి గుంటూరులో డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు అక్కడే ఎమ్మే చదువుతోంది. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. యోగక్షేమాలు రెండు ముక్కల్లో కానిచ్చి, పది మాటలు చెబుతుంది. నేను ఒక్కొక్కటే పలకాలి. అవతల డబ్బా మూత మీద వేలి చప్పుడు నాకు వినపడుతూ ఉంటుంది. మొన్న వారం పదికి ఆరు వచ్చాయి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఈ వయసులో మీకీ పరీక్షలేంటండీ?" అని నవ్వింది.

తప్పిన నాలుగూ ఏవని అడిగాను, దిద్దుకుంటానని.

"ఏవో చెప్పను సార్," అంది ఆ అమ్మాయి. "మీరే వినాలి. మళ్ళీ మొదటినుంచీ చెప్పండి."

మొదటినుంచీ చెప్పాను.